ఎంగిలి కాని పళ్లెం

ఆఫీసుకు బయల్దేరి ఇంటికి తాళం వేస్తుంటే యాప్రాల్ నుంచి ఫోన్ వచ్చింది. చాచా కూతురు. "అక్కా, అబ్బా పోయిండు" అంది. వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. నేను "ఎప్పుడు?" అన్నాను, "ఎలా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. పొద్దున్నే నమాజుకు లేచి మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగారట. ఆమె తెచ్చేలోపే పక్కకు ఒరిగిపోయారట. ఆ వార్త వినగానే నా మనసులోకి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను ఏమనుకుంటారో. వచ్చే వారం కోర్టులో వాయిదా ఉంది కదా, ఈయన అప్పుడే ఎలా పోతారు, అనుకున్నాను. తాళం చెవి చేతిలోనే పట్టుకుని యాప్రాల్‌కు ఆటో ఎక్కాను.

చాచా మాకు చుట్టం కాదు. రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉండేవారు. స్టేషన్‌కు వెళ్లే దారిలో మూల మీద పాత చాయ్ హోటల్ ఒకటి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన అందులో వడ్డించేవారు. సొంతూరు జనగామ. పుట్టినప్పటి నుంచీ మాట్లాడింది తెలుగే. మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా వేసుకునేవారు, దాన్ని ఇస్త్రీ చేసుకునేది కూడా ఆయనే. కప్పు పెట్టే ముందు బల్ల అంచు మీద రెండు వేళ్లతో చిన్నగా తట్టేవారు. మనం పేపర్లోంచి తలెత్తి చేయి పక్కకు తీసుకుంటామని. వేడి చాయ్ ఎవరి మీదా ఒలకకూడదని ఆయనకు అదో పట్టుదల.

ఆ హోటల్లో ఒక పాత పద్ధతి ఉండేది. మీరు కూర్చోగానే, ఏమీ అడక్కుండానే, ఒక పళ్లెం తెచ్చి ముందు పెడతారు. అందులో సమోసాలు, బిస్కెట్లు, బన్ను ముక్కలు ఉంటాయి. కావలసినవి మీరు తింటారు, తిన్నవాటికే బిల్లు. ముట్టుకోనివి ఆ పళ్లెంతోనే వెనక్కి వెళ్తాయి, ఖాళీలు నింపుకుని ఇంకో బల్ల మీదికి వస్తాయి. మా నాన్న గుడివాడ వైపు నుంచి ఇనప సామాన్ల వ్యాపారానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ పళ్లెం చూసి కంగారు పడ్డారట.

"ఇదేంటండీ, మేం అడగలేదే!"

"అడగక ముందే పెడతం సార్. నచ్చింది తినుండ్రి. ముట్టనిది నేనే తీస్కపోత."

"ముట్టుకున్నానో లేదో మీకెలా తెలుస్తుంది?"

"నేను చూస్తనే ఉంట కద సార్."

నాన్న ఈ సంగతి ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. చాచా గొంతు అనుకరించబోయి మా యాసలోనే చెప్పేసేవారు, మేం నవ్వేవాళ్లం. ఆయన నిజంగానే చూస్తూ ఉండేవారు. ఎవరైనా సమోసా వేడిగా ఉందో లేదోనని వేలితో నొక్కి వదిలేశారనుకోండి, అది ఇక ఇంకో బల్ల మీదికి పోదు. పక్కన పెట్టుకుని, రద్దీ తగ్గాక తన చాయ్‌తో తనే తినేవారు. "చాచా, రోజూ ఎంగిలి తింటారేంటి?" అని చిన్నప్పుడు నేను వెక్కిరిస్తే, "ఎవరో ఒకరు తినాలె గద బిడ్డా. నేను తింటే ఇంకెవరికి పోదు" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు, "ఆకలైనోడు మెనూ చదవడు, వాని ముందల పళ్లెం ఉండాలె" అని.

ఇప్పటి కళ్లతో చూస్తే ఆ పద్ధతి సరైంది కాకపోవచ్చు. మూత లేని పళ్లెం, దాని చుట్టూ పదిమంది మాటలు, దగ్గులు. మా అమ్మాయి నాతో ఇదే వాదిస్తుంది, నేను కాదనను. వద్దనుకుంటే మానేయవచ్చు. కానీ ఎంగిలి పెట్టడం వేరు, అది తెలిసి చేసే పని. చాచా మీద వచ్చింది ఆ మాట. మామూలుగా చెప్పేసి ఊరుకుందామంటే నాకు కోపం ఆగడం లేదు.

గొడవ జరిగిన ఆదివారం సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. పంటికి వైద్యం చేయించుకుని ఒక దవడతో చాయ్ మాత్రం తాగుతున్నాను. చాచా అలవాటుగా నా ముందు పళ్లెం పెట్టారు. నేను బుగ్గ చూపించి తల అడ్డంగా ఊపాను. "తక్లీఫ్ ఉందా బిడ్డా? జెర చల్లారినంక తాగు" అని ఆ పళ్లెం అలాగే ఎత్తి, పక్క బల్లకు అప్పుడే వచ్చిన తల్లీ కొడుకుల ముందు పెట్టారు. నేను దాన్ని వేలితో కూడా తాకలేదు. దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

కొడుకు ముప్పై లోపు వాడు, బేగంపేటలో ఉద్యోగం. తల్లి రాజమండ్రి వైపు నుంచి కళ్లు చూపించుకోవడానికి వచ్చింది. బయటి తిండి తినే మనిషి కాదట, కొడుకే బతిమాలి తీసుకొచ్చాడు. ఇవన్నీ నాకు తర్వాత కోర్టులో తెలిశాయి. అప్పుడు మాత్రం ఆ అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నాడు. తల్లి ఒక సమోసా కొరికింది. తర్వాత వాడు తలెత్తి, చాచా ఇంకో బల్ల మీది పళ్లెం ఎత్తి మూడో బల్లకు తీసుకెళ్లడం చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏంటండీ ఇది? ఒకళ్ల ముందు నుంచి తీసి ఇంకొకళ్లకి పెడుతున్నారా? మాదీ అంతేనా?"

"అది ముట్టనిది సార్. ఈడ పద్ధతే గది."

"ఎంగిలి పెట్టి పద్ధతంటారా! మా అమ్మ అది తినేసింది!"

తల్లి నోట్లో ముక్క మింగలేక, ఉమ్మలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఆమెను చూస్తే జాలేసింది. నేను లేచి, "బాబూ, అది నా ముందున్న పళ్లెం. నేను అసలు ముట్టుకోలేదు" అన్నాను. "ఆంటీ, మీరు మధ్యలో రాకండి" అని, వాడు ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తూ ఇంకో చేత్తో పళ్లెం ఎత్తాడు, నేలకేసి కొట్టడానికి. పక్కనే వేడి చాయ్ కప్పులు, వాటి వెనక వాళ్లమ్మ. చాచా వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. వీడియోలో కనిపించేది ఆ పట్టుకోవడం ఒక్కటే.

మిగతాది మీరు ఊహించుకోగలరు. చేయి చేసుకున్నారని, బెదిరించారని, ఎంగిలి పెట్టారని కేసు. ఆ అబ్బాయి నెట్‌లో పెట్టిన వీడియో కింద ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన మాటలు ఇక్కడ రాయను, చాచా మతం గురించి రాసినవైతే అసలే రాయను. వాటికి భయపడి ఆ అబ్బాయే వీడియో తీసేశాడు, కానీ అప్పటికే అది వందమంది ఫోన్లలోకి వెళ్లిపోయింది. నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాను. "మీరు రోజు పొయ్యేటోళ్లే కద మేడం, గట్లనే చెప్తరు. కోర్టుల చెప్పుకోండ్రి" అన్నాడు ఎస్సై. చాచా వకీలుకు చెబితే, "మీ వంతు వచ్చినప్పుడు చెప్దురు మేడం" అన్నాడు. వంతు కోసం కూర్చున్నాను.

హోటల్ పాత యజమాని ఎప్పుడో పోయాడు, ఇప్పుడు కొడుకుది పెత్తనం. పళ్లేలు తీసేసి అద్దాల పెట్టె పెట్టించాడు. "కేసు అయిపోయేదాంక ఇంట్లనే ఉండు చాచా" అన్నాడు, మర్యాదగానే. చాచా ఇంట్లో ఉండలేకపోయారు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మూల దాకా వెళ్లి, రోడ్డు ఇవతలే కాసేపు నిలబడి తిరిగి వచ్చేవారు. అది చూడలేక కూతురు ఆయన్ని యాప్రాల్ తీసుకెళ్లిపోయింది. అక్కడ కొత్త అపార్ట్‌మెంట్లో కరెంటు మీటరు చూడటానికి వచ్చిన వాడి ముందు కూడా బిస్కెట్ల పళ్లెం పెడుతున్నారని ఆమె నవ్వుతూనే చెప్పేది, చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకునేది.

వాయిదాలకు నేనే తోడు వెళ్లేదాన్ని. ఒకరోజు జడ్జి సెలవు, ఇంకోరోజు అవతలి వకీలు రాడు, ఇంకోరోజు పోలీసాయన బందోబస్తుకు వెళ్లి ఉంటాడు. చాచా ఎవరినీ ఏమీ అనేవారు కాదు. కోర్టు క్యాంటీన్లో కూర్చుంటే చేతులు ఊరుకోక పక్కవాళ్లు తాగేసిన గ్లాసులు ఒకచోట చేర్చేవారు. "నువ్వు కూసో పెద్దాయనా" అని క్యాంటీన్ అతను కసిరేవాడు. ఒకసారి ఆ తల్లీ కొడుకులు ఎదుటి బల్ల దగ్గరే ఉన్నారు. ఆమెకు దగ్గు తెర వచ్చింది. చాచా ఒక్క ఉదుటున లేచి, నీళ్ల గ్లాసు అడుగున పట్టుకుని, అంచు తగలకుండా తీసుకెళ్లి ఆమె ముందు పెట్టి, బల్ల అంచు మీద తట్టారు. ఆమె చేయి చాపింది. "వద్దమ్మా, మాట్లాడొద్దన్నారు వకీలు గారు" అన్నాడు కొడుకు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. చాచా వచ్చి కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. ఆ రోజు కూడా వాయిదా పడింది.

మధ్యలో రాజీ ప్రయత్నం జరిగింది. ఆ అబ్బాయీ విసిగిపోయాడు, క్షమాపణ చెబితే చాలన్నాడు. వకీళ్లు కాగితం రాసి చదివి వినిపించారు. చాచా శ్రద్ధగా విని అన్నారు, "చెయ్యి పట్టుకున్న మాట నిజమే సార్. దానికి ఈడనే మాఫీ అడుగుత. ఆ అమ్మ మనసు కష్టపడ్డది, ఆమె కాళ్లు మొక్కమన్నా మొక్కుత. ఎంగిలి పెట్టిన అని మాత్రం రాయకుండ్రి."

"మరి దేనికి క్షమాపణ? అసలు గొడవే అది కదా" అన్నాడు అబ్బాయి. వాడి వైపు నుంచి అదీ న్యాయమే.

"ఒక్క సంతకం చాచా. ఇయ్యాల్నే ఇంటికి పోతవ్, మళ్ల వచ్చే పన్లేదు" అని చాచా వకీలు చెవిలో గొణిగాడు.

"ఇంటికి పోయి నా మన్మరాలికి బువ్వ ఏ చేతితోని తినిపియ్యాలె సార్?"

ఆ కాగితం అలాగే ఉండిపోయింది. ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. తిరిగి వస్తుంటే ఆటోలో ఆయన అడిగారు, "బిడ్డా, నువ్వు చెప్తవ్ కద?" అని. "చెప్తాను చాచా." "జడ్జి సాబ్ అడిగితే, నువ్వు ముట్టలేదని." "ముట్టలేదనే చెప్తాను." ప్రతి వాయిదా తర్వాతా అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి వచ్చేసరికి నా గొంతులో నాకే నమ్మకం ఉండేది కాదు. ఆయన మాత్రం నా మాట విని నిశ్చింతగా సీటుకు తల ఆనించి కళ్లు మూసుకునేవారు.

ఆయన్ని ఖననానికి తీసుకెళ్లాక నేను యాప్రాల్‌లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంటే కూతురు మెల్లగా అడిగింది, "అక్కా, ఇప్పుడు కేసు ఏమైతది?" నేను వకీలుకు ఫోన్ చేశాను. "మనిషే పోయిండు కద మేడం, కేసు సుత పోయినట్టే. మరణ ధ్రువీకరణ ఇస్తే మూసేస్తరు" అన్నాడు.

"గెలిచినట్టా, ఓడినట్టా?"

"రెండూ కాదు మేడం."

"నేను చెప్పాల్సింది?"

"ఇంకెవరికి చెప్తరు?"

వాయిదా రోజున నేను వెళ్లాల్సిన పనిలేదు. అయినా సెలవు పెట్టి వెళ్లాను, ఇంట్లో ఉండలేక. కోర్టు వరండాలో తల్లీ కొడుకులు ఎప్పటిలాగే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె నన్ను చూసి, నా వెనక చూసి, "పెద్దాయన రాలేదా ఇవాళ? ఒంట్లో బాగాలేదా?" అంది. కొడుకు వారించలేదు.

"పోయారండీ. పోయిన వారం."

ఆమె నోటి మీద చేయి వేసుకుంది. అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేశాడు. ఇన్నాళ్లుగా జడ్జి కోసం దాచుకున్న మాట ఇక దాచడానికి చోటు లేక బయటికి వచ్చేసింది. "అమ్మా, ఆ రోజు మీ ముందు పెట్టిన పళ్లెం నా ముందు నుంచి తెచ్చింది. నాకు పంటి నొప్పి, నేను దాన్ని ముట్టుకోలేదు. మీరు ఎవరి ఎంగిలీ తినలేదు."

"ఈ మాట అప్పుడే చెప్పుంటే ఇంతదాకా వచ్చేదా తల్లీ?" అంది ఆమె. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు ఆ అబ్బాయి నేల చూపులు చూస్తూ అన్నాడు, "చెప్పారమ్మా. ఆవిడ అప్పుడే చెప్పారు."

అంతలో కోర్టు హాల్లోంచి బంట్రోతు బయటికి వచ్చాడు. చేతిలో కాగితం చూసుకుని, వరండా చివరిదాకా వినపడేలా చాచా పేరు పిలిచాడు. ఈసారి తండ్రి పేరు కూడా కలిపి, ఇంకాస్త గట్టిగా పిలిచాడు. ముందు ఆమె, తర్వాత ఆ అబ్బాయి, ఆ తర్వాత నేను, ముగ్గురమూ మెట్ల వైపు తిరిగి చూశాం.