షుగరు రాని గోవిందరాజులు గారు

మా గోవిందరాజులు బాబాయి గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళకి జబ్బుంటే ఓర్వలేరు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం ఆయనది. మా పక్కిల్లే. ఒకప్పుడు ఎవరికైనా షుగరుందంటే వీధంతా జాలిపడేది. ఇప్పుడు లేనివాళ్ళని వింతగా చూస్తోంది. దేశమంతా ఇదే వరసట. తెల్లారగానే బూట్లేసుకుని నడిచేవాళ్ళు, అన్నం మాని కొర్రలు తినేవాళ్ళు, ఎక్కడ కలిసినా "మీకు పరగడుపున ఎంతండీ?" అనుకునేవాళ్ళు. ఆ కబుర్లలో బాబాయి గారికి చోటు లేదు. డెబ్భై దగ్గరపడుతున్నా షుగరూ లేదు, బీపీ లేదు.

"కనకరాజుకి షుగరు మూడొందలటమ్మా ఇందిరా! మొన్నేగా కొల్లేరులో చేపల చెరువేశాడు, అప్పుడే మూడొందలు!" అని కుళ్ళుకునేవారు.

"మీకు లేకపోవడం మంచిదే కదండీ?"

"ఏం మంచి? పెళ్ళిళ్ళలో వాడికి వేరే బల్ల, వేడివేడి జొన్నరొట్టెలు. 'ఒంట్లో ఎలా ఉందండీ' అని నన్ను అడిగిన నాథుడున్నాడా?"

నెలనెలా పరీక్ష చేయించుకునేవారు. నార్మల్ అని వస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. "పోనీ, ఇంకో ల్యాబులో చూపించుకోండి" అని వీరరాఘవమ్మ పిన్ని గారు ఓదార్చేవారు.

అలాంటి రోజుల్లో, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి హర్షితకి షుగరని తేలింది. తిండి వల్ల వచ్చింది కాదనీ, పిల్లలకి వచ్చే రకమనీ, రోజూ ఇన్సులిన్ తప్పదనీ ఏలూరు డాక్టరు గారు చెప్పారు. "ముసలాళ్ళ జబ్బు నాకెందుకొచ్చింది?" అంటూ పిల్ల బడి మానేసింది. గదిలోంచి బయటికి రాదు. నాకు దుఃఖం ఆగేది కాదు.

సంగతి తెలిసి చూడ్డానికొచ్చిన బాబాయి గారు గది గుమ్మంలోంచే విరుచుకుపడ్డారు. "ఏమే, ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూస్తుంటే, నా వరస దాటి నీకెలా వచ్చిందే?"

పిల్ల తెల్లబోయింది. "ఇదేమైనా ప్రైజా తాతయ్యా?"

"మరి కాదూ? ఏదీ, ఆ సూది చూపించు. అబ్బో, పెన్నులా ఎంత సొగసుగా ఉందే! కనకరాజు మొహానికి ఉత్త మాత్రలే!"

హర్షిత పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. సోమవారం బడికి వెళ్ళింది.

ఆ తరవాత ద్వారకా తిరుమల కొండ మీద బంధువుల పెళ్ళి. భోజనాలనగానే పిల్ల ఇంజెక్షన్ చేసుకుంది. తీరా వడ్డన ఆలస్యమైంది. ఉన్నట్టుండి షుగరు పడిపోయి పిల్లకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. నా సంచీ కారులో ఉండిపోయింది. నేను కంగారుగా లేచేలోపే బాబాయి గారు జేబులోంచి గ్లూకోజు పొట్లం తీసి, నీళ్ళలో కలిపి తాగిస్తున్నారు. "మెల్లిగా అమ్మా, మెల్లిగా. ఏం లేదు."

కాసేపటికి పిల్ల మొహంలోకి రంగు వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది.

"మీ జేబులో గ్లూకోజు ఎందుకుందండీ?" అన్నాను.

ఆయన దొరికిపోయిన దొంగలా చూశారు. "నాకెప్పుడైనా షుగరొస్తే పనికొస్తుందని..."

"అబద్ధం అమ్మాయ్!" అన్నారు పిన్ని గారు. "హర్షిత సంగతి తెలిసిన మర్నాడే ఏలూరెళ్ళి, ఆ డాక్టరు గారి దగ్గర అన్నీ నేర్చుకొచ్చారు. ఆ పొట్లం లేకుండా గుమ్మం దాటరు."

"నువ్వూరుకోవే!"

హర్షిత ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, మీకు ఎప్పటికీ షుగరు రాదులెండి."

"చూశావా ఇందిరా!" అన్నారాయన, పెళ్ళివారందరికీ వినపడేలా. "నీ కూతురు నన్నెంత మాటందో!"