పిలిచే పిట్ట

2010లో మా తమ్ముడు ఒక సైన్యాన్ని తయారు చేశాడు. కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు, నడుస్తూ నోటితోనే చెప్పేవాడు. నేను నారాయణగూడ డీటీపీ సెంటర్‌లో పని ముగించుకుని వచ్చేసరికి చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. అక్కడి నుంచి మా కిరాయి ఇంటిదాకా ఆ కథే. తెలంగాణ ఉద్యమంతో గ్రూప్స్ పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి. అశోక్‌నగర్‌లో వాడి కోచింగు సగం రోజులు బంద్. చదివిందే చదివి విసుగెత్తి వేరే గ్రహానికి మకాం మార్చావురా అని వెక్కిరించేదాన్ని.

వాడి కథలో ఆ గ్రహం వాళ్లకు వేటాడటం తప్ప యుద్ధం రాదు. భూమిని పట్టుకోవడానికి వచ్చి కూడా ఒక్క బాంబు వెయ్యరు. ఊరికి మూడు వైపులా డప్పుల్లాంటి మోత మోగించి, నాలుగో వైపు చప్పుడు లేకుండా వదిలేస్తారు. జనం అటే పరుగెత్తుతారు. వలలు అక్కడే ఉంటాయి.

"గంత దూరం నుంచి వచ్చి వలలు పట్టుకొని కూసుంటరా? లేజర్లు లేవార వాళ్ల దగ్గర?" అన్నాను.

"తుపాకి పేలిస్తె మంద మొత్తం చెదిరిపోతది అక్కా. వాళ్లకు మంద కావాలె."

అన్నిటికంటే పెద్ద ఎత్తు వాడికి మా అమ్మ దగ్గర దొరికింది. అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కౌజు పిట్టలు పట్టేవాళ్లు పెంపుడు కౌజును పంజరంలో పెట్టి పొదల దగ్గర ఉంచేవారట. అది కూస్తే అడవి పిట్టలు దగ్గరికొచ్చి ఉచ్చుల్లో పడేవి. తమ్ముడి సైన్యం కూడా ఒక మనిషిని పట్టుకుని, కడుపునిండా తిండి పెట్టి, తిరిగి ఇంటికి పంపేస్తుంది. అతను తన వాళ్లను పిలుస్తాడు. పలికినవాళ్లు దొరికిపోతారు.

"అంటే వాడు ద్రోహి అన్నట్టు."

"కాదక్కా. పిట్టకు తెల్వదు. అది నిజంగనే పిలుస్తది."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఆ పూట వాడికి మిర్చిబజ్జీలు ఇప్పించాను.

మరుసటి ఏడాది వాడి తీరు మారింది. ఖాళీగా ఉన్న గల్లీలో అడుగు పెట్టేవాడు కాదు. రోడ్డంతా నినాదాలతో నిండిపోయిన రోజు పక్క సందులోంచి పోదామంటే నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "గటు చప్పుడు లేదు, చూస్తలేవా?" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను గానీ, వాడి అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

అమ్మ అన్నం పళ్లెం గది ముందు పెట్టి వచ్చేది. మేమిద్దరం అవతలికి వెళ్తేనే అది లోపలికి పోయేది. మనిషిని ఒక్కసారి తీసుకొస్తే మందులు మొదలుపెడతానని డాక్టరు అన్నాడు. ఆ ఒక్కసారే మా వల్ల కాలేదు. బతిమాలాను, తిట్టాను, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాను. ఎంత ప్రేమగా పిలిస్తే లోపల అంత నిశ్శబ్దం. ఒళ్లు మండి తలుపును కాలితో తన్నాను కూడా. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గొంతు బొంగురుపోయి ఆ తలుపు ముందే చతికిలబడ్డాను. అప్పుడు తట్టింది, నేను పిలిచినకొద్దీ వాడికి లోపల ఏం వినిపిస్తోందో. పిలవొద్దని అమ్మకు సైగ చేశాను. ఇద్దరం నోరు మెదపకుండా గోరుచిక్కుడు కాయలు తుంచుతూ కూర్చున్నాం.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు కొంచెం తెరుచుకుని తమ్ముడు కనిపించాడు. గడ్డం పెరిగి, సగానికి చిక్కిపోయి ఉన్నాడు. బెదిరిపోతాడేమోనని నేను కదల్లేదు. వాడే వంగి నా ముఖంలోకి చూశాడు. ఆ కళ్లలో భయం ఉంటుందనుకున్నాను. భయం లేదు, నా మీద జాలి ఉంది.

"నిన్నెప్పుడు పట్టుకున్నరక్కా?" అన్నాడు.

"నన్నెవ్వరు పట్టుకోలేదురా. నేనేరా, మీ అక్కను. దా, డాక్టర్ దగ్గరికి పోదాం."

వాడు చొక్కా అంచుతో నా కళ్లు తుడిచాడు.

"నీకు తెల్వదులే," అని మెల్లగా తలుపు వేసుకున్నాడు.