పాత పేజీలోని కొలతలు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. దానితోనే తిన్నాను, దానితోనే నమాజుకు వెళ్లాను, దానితోనే మిషను తొక్కాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదని పేర్లు రాయడం లేదు. మనవరాలిని మాత్రం పాప అంటాను. ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం.

నేను దర్జీని. సూళ్లూరుపేటలో స్టేషనుకు వెళ్లే దారిలో చిన్న అంగడి. నలభై ఏళ్లకు పైగా ఇదే పని. జాకెట్టు బిగుతయిందనో, పైజమా పొడుగయిందనో నా దగ్గరికి తిరిగొచ్చిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గొప్పకు చెప్పడం లేదు. నేను చేసింది చేయి జారి చేసింది కాదని మీకు తెలియాలి. అందుకు చెబుతున్నాను.

నా కూతురు జ్వరంతో పోయినప్పుడు పాపకు మూడేళ్లు. అల్లుడు జువ్వలదిన్నెలో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. పొద్దున వెళితే ఎప్పుడు వస్తాడో తెలియని పని. కొన్నాళ్లు పాపను మా దగ్గర ఉంచుకోమన్నాడు. సరే అన్నాం. ఏడాది తిరక్కుండానే మళ్లీ నిఖా చేసుకున్నాడు. చేసుకోక ఏం చేస్తాడు, ముప్పై నిండని మనిషి? ఇప్పుడైతే ఇలా అనగలుగుతున్నాను. అప్పుడు కడుపు మండిపోయింది. నా కూతురు చోటు అంత తొందరగా ఖాళీ అయిపోయిందా అనుకున్నాను. ఆ పెళ్లికి వెళ్లలేదు.

పిల్లను పెంచడం గురించి కూడా ఉన్నదున్నట్టు రాయాలి. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. వంగలేదు, లేవలేదు. స్నానం, జడ, పేలు దువ్వడం, బడి వ్యాను ఎక్కించడం అన్నీ నా మీదే పడ్డాయి. యాభై దాటాక మళ్లీ అన్నం గిన్నె పట్టుకుని పిల్ల వెనక తిరగడం ఎంత విసుగో తిరిగినవాళ్లకే తెలుసు. నా ఈడు వాళ్లు సాయంత్రం టీ అంగడి బల్ల మీద కూర్చుని కబుర్లాడుకుంటుంటే నేను ఇంట్లో ఎక్కాలు అప్పజెప్పించుకునేవాణ్ణి. కన్నవాడు వచ్చి తీసుకుపోతే పీడా పోతుంది అని ఎన్నిసార్లు అనుకున్నానో. పీడ అనే మాటే వాడాను. పైకి అనలేదు, అంతే. అదే రోజు అల్లుడు ఫోను చేస్తే చాలు, తీసుకుపోతానని ఏమైనా అన్నాడా అని మా ఇంటామెను గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. బరువు బరువని మూలిగినవాణ్ణి, దించుకుంటానని ఒకడు వస్తే ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నాను? పిల్ల మీద ప్రేమా? పోయిన కూతురి గుర్తు అదొక్కటేననా? లేక వాడికి దక్కకూడదనే పంతమా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మూడూ ఉన్నాయి. ఏది ఎంతో చెప్పలేను.

పాపకు ఏడేళ్లప్పుడు, రంజానుకు ముందు అల్లుడు ఫోను చేశాడు. తన భార్య కుట్టుపని నేర్చుకుందట. పాపకు పండగ గౌను తనే కుడతానంటోందట. కొలతలు చెప్పమన్నాడు. గుడ్డ పంపితే నేనే కుడతాను కదా అన్నాను. మీరు కుట్టి మీరే తొడిగితే ఇక మేమిచ్చింది ఏముంటుంది అన్నాడు. ఆ తర్వాత కొంచెం తడబడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. పండగ కాగానే పాపను సెలవులకు తీసుకువెళతాడట. పాప తన భార్యతో కలిసిపోతే అక్కడే బడిలో వేస్తాడట.

రాసిపెట్టుకుని మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాను. పాపను నిలబెట్టి టేపు పట్టాను. ఛాతీ ఇరవై అయిదు, పొడుగు ఇరవై ఎనిమిది. నోటు పుస్తకంలో రాశాను. నా దగ్గర కుట్టించుకునే ప్రతి ఒక్కరికీ అందులో ఒక పేజీ ఉంటుంది. పాపకూ ఉంది, ఏడాదికొకటి. మళ్లీ ఫోను చేసినప్పుడు నా వేలు రెండేళ్ల కిందటి పేజీ తిప్పింది. ఇరవై రెండు, ఇరవై నాలుగు అని చదివాను. గొంతు వణకలేదు. అల్లుడు ప్రతి అంకె తిరిగి చెబుతూ రాసుకున్నాడు. సరిగ్గానే రాసుకున్నావు అన్నాను.

పండగ రోజు ఇద్దరూ వచ్చారు. గులాబీ రంగు గౌను, మెడ చుట్టూ చేత్తో వేసిన పూలు. పాప ఎగురుకుంటూ లోపలికి వెళ్లి తొడుక్కోబోయింది. చంకల దగ్గర పట్టేసింది. కిందికి లాగితే రాదు, పైకి తీస్తే రాదు. నేను వెళ్లి మెల్లగా తీశాను. జడ చెదిరిపోయింది. అప్పుడడిగింది.

"నేను ఇంత పెద్దదాన్నయినానని నాయనకు తెలీదా తాతా?"

"రోజూ చూసేవాళ్లకు తెలస్తాది మా."

అదీ నా జవాబు. ఏడేళ్ల పిల్లకు నేను చెప్పిన జవాబు. ఆ మాట ముందే తయారుచేసి పెట్టుకున్నానా, అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చిందా? అప్పటికప్పుడే వచ్చిందని అనుకోవాలని ఉంది.

పాప ఏడవలేదు. వాళ్ల అమ్మమ్మ వెనకాలకు వెళ్లి చీర కొంగు పట్టుకుని నిలబడింది. తండ్రి పిలిచినా రాలేదు. వాళ్ల ఊరికి రానంది. ఆ అమ్మాయి, అంటే అల్లుడి భార్య, వసారాలో కూర్చుని తన చేతుల వంకే చూసుకుంటూ ఉండిపోయింది. వెళ్లేముందు అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు.

"నేనే తప్పు రాసుకున్నట్టుండాను మామా. ఏమనుకోబాక."

పోనీలే అన్నాను. వాడు నన్ను క్షమించమని అడిగాడు, నేను పెద్దమనిషిలా పోనీలే అన్నాను.

వాళ్లు వెళ్లాక గౌను తిరగేసి చూశాను. చూడకుండా ఉండాల్సింది. రెండు పక్కలా కుట్టు లోపల రెండేసి వేళ్ల గుడ్డ వదిలిపెట్టి ఉంది. కింద మడత కూడా జానెడు. పిల్ల ఎదుగుతుందని, వచ్చే ఏడు కూడా వేసుకుంటుందని వదిలింది ఆ అమ్మాయి. పక్క కుట్లు విప్పి మళ్లీ వేస్తే చాలు, పది నిమిషాల పని. పాప ఆ సాయంత్రమే తొడుక్కుని, తండ్రికి ఫోనులో చెప్పి ఉండేది. కత్తెర నా చేతికి అందేంత దూరంలో ఉంది. విప్పలేదు. మడిచి, వీధి చివర ఉండే చిన్న పిల్లకు ఇచ్చేశాను. కొలతలు చదివినప్పుడు కోపం ఉందని సర్దుకోవచ్చు. ఆ పూట నాకు కోపం కూడా లేదు. ఏమీ లేదు.

ఆ తర్వాత ఇంకో రెండేళ్లు అడిగాడు. రెండేళ్లూ అలాగే చెప్పాను. మూడో ఏడు అడగలేదు. గాజులు తెచ్చాడు, ఆ తర్వాత మిఠాయి తెచ్చాడు, ఆ తర్వాత ఫోను మాత్రం చేసేవాడు. పాప హలో అని ఫోను నాకిచ్చేసేది. తండ్రి ఊసెత్తితే, ఆయనకు నేనెంతున్నానో కూడా తెలియదు అనేది. మా ఇంటామెకు అనుమానం వచ్చే ఉంటుంది. నా పుస్తకం ఆమెకు తెలియనిది కాదు. ఒక్కసారి కూడా అడగలేదు. మూడేళ్ల కిందట ఆమె కూడా చనిపోయింది.

ఇప్పుడు పాపకు పందొమ్మిదేళ్లు. నెల్లూరులో నర్సింగు చదువుతోంది. పోయిన చలికాలంలో అల్లుడు పనిచేస్తూ చేస్తూనే ఇంజను పక్కన కూలిపోయాడు. ఇద్దరం జువ్వలదిన్నె వెళ్లాం. పాప తండ్రి ముఖం చూసింది, పక్కకు వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి పాపను పట్టుకుని ఏడ్చింది. పాప ఆమె వీపు నిమిరింది, ఆస్పత్రిలో ఎవరి చుట్టాలనో ఓదార్చినట్టు. తిరిగొచ్చే బస్సులో, మనుబోలు దాటాక అడిగింది.

"నాకు ఏడుపే రాలేదు తాతా. కన్నతండ్రి పోతే ఏడుపు రాలేదంటే నేను ఎట్టాంటిదాన్ని?"

నీ తప్పేమీ లేదు మా, అన్నాను. అది నిజం. తప్పెవరిదో చెప్పలేదు. నోరు తెరిచాను కూడా. కండక్టరు వచ్చాడు, టిక్కెట్లు చూపించాను, మళ్లీ తెరవలేదు.

అప్పటి నుంచి ఆ ప్రశ్న ఇంకో రెండుసార్లు అడిగింది. తనది రాతి గుండేమోనని భయపడుతోంది. రోగుల దగ్గర ఉండాల్సిన పిల్ల, ఈ పనికి తను తగనేమో అంటోంది. ఒక్క మాటతో ఆ భయం తీసేయగలను. చెబితే ఆమెకు ఉన్న ఒక్క తాత కూడా లేకుండా పోతాడని, ఆమె కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. అది అబద్ధం. నేను ఒంటరివాణ్ణయిపోతానని భయం. పన్నెండేళ్ల కిందట పుస్తకం తిప్పిన వేలికి ఉన్నదీ ఈ భయమే.

మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు. క్షమించనూ వద్దు, అందుకు మీరెవరు? ఇంతవరకు ఈ మాట అల్లా ముందు కూడా తిన్నగా అనలేదు. తెలిసో తెలియకో చేసిన తప్పులు అని చుట్టి చెప్పేవాణ్ణి. ఇప్పుడు తిన్నగా రాస్తున్నాను. తండ్రి బతికుండగానే ఆ పిల్లకు తండ్రి లేకుండా చేశాను. తెలిసే చేశాను.

రాశాక మనసు తేలికవుతుందంటారు. నాకు అంత లేదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలికి వెళుతోంది.