కిచిడీ వ్యాసాన్ని నేను గ్రూపులో పెట్టిన రోజు

2020 మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సూరత్ పక్కన కడోదరాలో, మా గల్లీ మొత్తం నోటికాడి కిచిడీని నేనొక్కణ్ణే దాదాపు ఆపేశాను. కరోనా వల్ల కూడా కాని పని అది. అప్పటికి నేను చిన్నవాణ్ణే లెండి, అరవై రెండేళ్ళు. ఆ వయసులో మనిషికి తెలివి కంటే హుషారు ఎక్కువ.

ముందు మా ఇంటి సంగతి. నేనూ నా భార్య లచ్చవ్వా కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బతికినవాళ్ళం. కొడుకూ కోడలూ హజీరాలో కంపెనీ క్వార్టర్లలో ఉంటారు. వాళ్ళ బిడ్డ మానస సూరత్ కాలేజీలో జర్నలిజం చదువుతూ మా దగ్గర ఉండేది. లాక్‌డౌన్ రాగానే సాంచాలు ఆగిపోయాయి, కాలేజీ ఫోన్లోకి వచ్చేసింది, మేం ముగ్గురం ఒకే గదిలో చిక్కుకున్నాం. నలభై ఏండ్లు సాంచాల చప్పుడులో బతికినవాణ్ణి, గల్లీ అంతా నిశ్శబ్దమైతే నాకు చెవులు నొప్పి పుట్టాయి. ఆ నిశ్శబ్దంలోనే మా మానస అభిప్రాయాలు మొదటిసారి వినపడ్డాయి.

వాళ్ళ సారు వారానికొక వ్యాసం రాయమన్నాడట. రాజకీయం మీదైనా సరే, పేరున్నవాళ్ళ మీదైనా సరే, రోజూ ప్రాణం తీసే చికాకుల మీదైనా సరే. పిల్లకు అభిప్రాయాలు లేనిది నిద్రలో మాత్రమే. నల్లా వచ్చే టైముకే క్లాసు ఎందుకు పెడతారని ఒక వారం రాసింది. ఇంకో వారం సినిమావాళ్ళ మీద పడింది.

"తాతా, ఇను. పెద్ద హీరోయిన్ ఇంట్ల గిన్నెలు కడిగిందని టీవీల చూపిస్తున్నరు. బాపమ్మ నలభై ఏండ్ల సంది కడుగుతున్నది. ఒక్క కెమెరా వచ్చిందా?"

"నువ్వు కడుగు, గదింకా పెద్ద వార్తయితది," అన్నది లచ్చవ్వ.

వ్యాసాలన్నీ హిందీలో రాసేది. నేను యాభై దాటాక తెలుగు సమాజం హాలులో అక్షరాలు దిద్దినవాణ్ణి. తెలుగైతే పెండ్లి పత్రిక కింద ప్రెస్సు పేరు దాకా వదలకుండా చదువుతాను. హిందీ మాట్లాడతాను, వింటే అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదు. ఈ కథలో జరిగిన నష్టానికి సగం కారణం అది. మిగతా సగం కారణం నేను.

ఇప్పుడు రసిక్‌భాయ్ సంగతి చెప్పాలి. వచ్చే ఎలక్షన్లలో నిలబడాలని ఆయన కోరిక. రోజూ మధ్యాహ్నం టెంపోలో మా గల్లీకి కిచిడీ తెచ్చేవాడు. టెంపోకు ముందు బ్యానర్, బ్యానర్ మీద ఆయన ముఖం, పక్కన కెమెరా పట్టుకుని ఆయన మేనల్లుడు జిగ్నేశ్. ఎవరికి గిన్నె నిండినా సరే, ఆగి, మాస్కు గడ్డం కిందికి లాగి, కెమెరా వైపు చూసి నవ్వాలి. నేను రోజూ ముందు వరుసలో నవ్వేవాణ్ణి. ఎందుకు దాచాలి, నాకు ఫొటో అంటే ఇష్టమే. లచ్చవ్వ లైనుకు వచ్చేది కాదు. "మోకాళ్ళు గుంజుతున్నయి, నువ్వే తే," అనేది. నా గిన్నెలోదీ మానస గిన్నెలోదీ కలిపి ముగ్గురం తినేవాళ్ళం.

శనివారం సాయంత్రం మానస కొత్త వ్యాసం నా ఫోనుకు పంపింది. పైన ఫొటో ఉంది. ఒక చేయి, చేతి నిండా ఉంగరాలు, ఉంగరాల మధ్య కిచిడీ గరిటె. ఆ ఉంగరాలు మా గల్లీలో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు.

"రసిక్‌భాయ్ గురించి రాసినవా బిడ్డా?" అన్నాను.

"ఊఁ. పేరు మాత్రం పెట్టలే. మా సారు ఒక్కడే చదువుతడు. నువ్వు ఎవ్వలకు చూపియ్యకు తాతా."

తర్వాత వంట మూల దగ్గర కూర్చుని బాపమ్మకు తెలుగులోకి మార్చి చదివి వినిపించింది. ఇద్దరూ గుసగుసగా నవ్వుకున్నారు. సాంచాల చప్పుడులో సగం చెవులు పోగొట్టుకున్న నాకు నవ్వు వినపడింది కానీ మాట వినపడలేదు.

పిల్లకు సిగ్గు అనుకున్నాను. నా లెక్క కూడా మీరు వినాలి. నాకు తెలిసి అచ్చులో పేరు పడిందంటే పెండ్లి పత్రిక, లేకపోతే పుట్టినరోజు ఫ్లెక్సీ, లేకపోతే దశదిన కర్మ కార్డు. చచ్చినవాణ్ణి కూడా అందులో పొగుడుతారే గాని తిట్టరు. అలాంటప్పుడు ఒక మనిషి మీద వ్యాసం రాశారంటే అది పొగడ్త కాక ఇంకేమవుతుంది?

ఆదివారం పొద్దున మానస తలంటు పోసుకుంటుంటే, కిచిడీ బండి టైము చెప్పే వాట్సాప్ గ్రూపులో వ్యాసం పెట్టేశాను. కింద నా గొంతుతో ఒక ముక్క కూడా జోడించాను: రసిక్‌భాయ్ మీద నా మనుమరాలు రాసింది, అందరూ చూడండి.

అందరూ చూశారు. బొటనవేళ్ళు వచ్చాయి, పూలు వచ్చాయి, దండాలు వచ్చాయి. ఒక్కరూ చదవలేదు. అంత పొడుగు రాత ఫోనులో ఎవరు చదువుతారు? రసిక్‌భాయ్ కూడా చదవలేదు. తన ఉంగరాలు చూసుకుని మురిసిపోయి, మధ్యాహ్నం వస్తున్నాను, బిడ్డ అందరి ముందు చదవాలి, అని గ్రూపులో చెప్పాడు.

టెంపో శాలువాతో సహా వచ్చింది. మానస గిన్నె పట్టుకుని లైనులోకి వచ్చేసరికి రసిక్‌భాయ్ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. లచ్చవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మాస్కు పైన మానస కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి చాలా పెద్దవయ్యాయి. సంతోషమనుకున్నాను. మాస్కుల కాలంలో ఏది సంతోషమో ఏది ప్రాణభయమో ఎవరికి తెలుస్తుంది?

"తాతా," అన్నది నా చెవి దగ్గర, "ఏం జేసినవ్?"

"నీ పేరు నిలబెట్టిన."

"తాతా, దాంట్ల ఏమున్నదో నీకు ఎరుకనా? ఈ బండి రేపట్నుంచి రాకుంటే ఈ గల్లీ ఏం తింటది?"

అప్పటికైనా నాకు అర్థం కావాలి. కాలేదు. చెవి దగ్గర చెప్పింది, అదీ పోయిన చెవి. నాకు 'బండి', 'తింటది' అన్న రెండు మాటలే చేరాయి, మిగతావి తర్వాత తెలిశాయి.

మానస ఫోను తీసింది, చూపు నేల మీద పెట్టి మొదలుపెట్టింది. రసిక్‌భాయ్ గొప్పవాడు, మంచివాడు, మా గల్లీకి పెద్ద దిక్కు. అన్నీ అప్పటికప్పుడు అల్లుతున్న మాటలు. అక్కడితో వదిలేస్తే అందరం కిచిడీ తిని పడుకునేవాళ్ళం. నేనెందుకు వదులుతాను?

"గిది కాదు బిడ్డా," అన్నాను, అందరికీ తెలియాలని హిందీలో. "నిన్న మీ బాపమ్మ నవ్వింది సూడు, ఆ ముక్క చదువు."

గడపలోంచి లచ్చవ్వ అరచేయి కిందికి ఊపింది. సాంచాల చప్పుడులో మాట వినపడదు కనుక మాకు సైగలుంటాయి. అరచేయి కిందికి ఊపితే ఆపమని. నలభై ఏండ్లు ఆ సైగ కనపడగానే సాంచా ఆపినవాణ్ణి, ఆ రోజు నోరు ఆపలేకపోయాను.

"నవ్వే ముక్కనా? అదే కావాలి బేటా," అన్నాడు రసిక్‌భాయ్. మా పక్కగది వెంకటి, సాంచాల మీద నాతో పనిచేసినవాడు, చప్పట్లు కొట్టాడు.

మానస నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు మాస్కు అడ్డం రాలేదు. తర్వాత ఉన్నదున్నట్టు చదివింది.

మా గల్లీకి కిచిడీ వేడిగా వస్తుంది, ఫొటో దిగేసరికి చల్లారుతుంది. దూరం పాటించండి అని మైకులో చెబుతారు, దగ్గరికి జరగండి, ఫ్రేములో పట్టడం లేదు అని కెమెరా చెబుతుంది. ముందు వరుసలో మా తాత ఉంటాడు. మాస్కు కిందికి లాగి, కిచిడీ తానే వండినట్టు నవ్వుతాడు.

గల్లీ అంతా నవ్వింది. వెంకటి అయితే గోడ పట్టుకున్నాడు. రసిక్‌భాయ్ నవ్వలేదు. జిగ్నేశ్ కెమెరా దించాడు. నాకు అప్పుడు అర్థమైంది, అన్నీ ఒకేసారి.

"ఆగినవేంది, చదువు," అన్నాడు రసిక్‌భాయ్ హిందీలో. గొంతు మారింది.

మానస మిగతాది కూడా చదివింది. మా బాపమ్మ లైనుకు రాదు. మోకాళ్ళ నొప్పి అని తాతకు చెప్పింది. మోకాళ్ళకేమీ కాలేదు. నలభై ఏండ్లు చేతుల కష్టం తిన్న మనిషి, చేయి చాపిన ఫొటో ఊళ్ళో వియ్యపురాలి ఫోనులోకి పోతుందని రాదు. ఒక మనిషి అన్నం పెట్టడానికి ఇంకో మనిషి ముఖం అడగకూడదని నా అభిప్రాయం.

ఎవరూ నవ్వలేదు. నేను గడప వైపు చూశాను. లచ్చవ్వ తల ఎత్తకుండా బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

ఇక టెంపో వెనక్కి తిరిగిపోతుందనుకున్నాను. గిన్నెలు పట్టుకున్న వాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. రసిక్‌భాయ్ శాలువా మడత విప్పి, మళ్ళీ మడిచి, గరిటె అందుకున్నాడు. ఒక గిన్నె నింపుకుని మా గడప దాకా నడిచాడు.

"మాతాజీ, తీసుకో," అన్నాడు.

"ఫొటో తియ్యొద్దు," అన్నది లచ్చవ్వ. ఆమెకు వచ్చిన హిందీ అంతా ఆ రెండు ముక్కల్లో పెట్టింది.

"తియ్యరు. ఇయ్యాల్టి నుంచి ఈ గల్లీల ఎవ్వరి ఫొటో తియ్యం," అని రసిక్‌భాయ్ చేయి పైకెత్తి, అందరి వైపు తిరిగి, గట్టిగా ప్రకటించాడు.

క్లిక్‌మన్నది. జిగ్నేశ్ చేతికి అలవాటు పోలేదు. పైగా అన్నాడు కదా, "మామా, ఇంకోసారి చెప్పు, వెలుతురు సరిగ్గా పడలే."

ముందు రసిక్‌భాయే నవ్వాడు. ఆ తర్వాత గల్లీ అంతా నవ్వింది. కిచిడీ ఆ రోజు వేడివేడిగా తిన్నాం. టెంపో మర్నాడూ వచ్చింది. కొద్ది రోజులు కెమెరా రాలేదు, తర్వాత రోడ్డు అవతలి నుంచి దూరంగా తీయడం మొదలైంది. రాజకీయం నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకూడదని మానస అభిప్రాయం.

ఆ సాయంత్రం పిల్ల ముందు చెవులు పట్టుకున్నాను. ఆమె నా ఫోను తీసుకుని ఏదో నొక్కి తిరిగి ఇచ్చింది. నన్ను గ్రూపులోంచి తీసేసింది.

లచ్చవ్వ పక్కన కూర్చున్నాను. "నాకు చెప్పొచ్చు గద," అన్నాను.

"చెప్తే నువ్వు మోకాళ్ళకు నూనె రాసుడు బందు జేస్తవ్," అన్నది.

నిజమే, రోజూ రాత్రి రాసేవాణ్ణి. ఏమీ కాని మోకాళ్ళకు. ఆ రాత్రి కూడా రాశాను.

కనుక ఇందుమూలంగా నేను, నర్సయ్య అనేవాణ్ణి, పూర్తి తెలివితో ప్రమాణం చేస్తున్నాను. మా ఇంటి ఆడవాళ్ళు గుసగుసగా నవ్వుకున్న ముక్కను నలుగురిలో చదవమని ఇక జన్మలో అడగను. జరిగినదానికి ఆ రోజు అక్కడున్నవాళ్ళే సాక్షులు: రసిక్‌భాయ్, కెమెరా జిగ్నేశ్, టెంపో నడిపే ఇక్బాల్, గోడ పట్టుకున్న వెంకటి, అతని భార్య రాజవ్వ, ఎదురుగది ఒడియా అన్నదమ్ములు రవి, సనాతన్, నా మనుమరాలు మానస, గడపలో లచ్చవ్వ.