గుల్ల చప్పుడు

స్లాబు బాగుందో లేదో మా ఆయన కర్రతో కొట్టి చెప్పేవాడు. కర్ర చివర ఇనుప పొన్ను ఉండేది. గదిలో నిలబడి పైకప్పును జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయేవాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల సలాక తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటు దాన్ని వదిలేసిన చోట బొదబొదమంటుంది. దాన్ని గుల్ల అంటాం. గుల్ల కింద ఎవరూ పడుకోకూడదు.

ఆయన మొదట గూన పెంకల పని చేసేవాడు. మృగశిరకు ముందు మెదక్‌లోనూ, హవేలిఘనపూర్ దిక్కు ఊళ్ళలోనూ ఇళ్ళు ఎక్కి పెంకలు తిరగవేసేవాళ్ళం. ఆయన పైన ఉండేవాడు, నేను నిచ్చెన మీద నుంచి అందించేదాన్ని. తర్వాత పెంకలు పోయి రేకులు వచ్చాయి. రేకులకు రంధ్రాలు వేసే మిషను ఏళ్ళ తరబడి ఆయన చెవి పక్కనే మోగింది. రేకులు పోయి స్లాబులు వచ్చేసరికి ఆయనకు బరువు పని చేసే ఓపిక లేదు. కానీ ఇల్లు ఎక్కడ కురుస్తుందో చెప్పమని పిలిచేవాళ్ళు. గోడ మీద మరక చూసి అది పోయిన ఏటిదో ఈ ఏటిదో చెప్పేవాడు. చెమ్మ చూడాలంటే చేతి వెనక వైపు ఆనించేవాడు. అరచెయ్యి కాయలు కాసింది, దానికేం తెలుస్తుంది అనేవాడు. మరక ఉన్నచోటనే పగలగొడతామని ఇంటివాళ్ళు తొందరపడితే ఆపేవాడు. “నీళ్ళు దిగేది ఒక కాడ, కారేది ఇంకో కాడ. జర ఆగుండ్రి. మీదికెక్కి చూడనియ్యుండ్రి” అనేవాడు.

ఆయనకు చెవుడు వచ్చిన సంగతి నాకు అన్నం దగ్గర తెలిసింది. వెనక నుంచి ఎంత పిలిచినా పలికేవాడు కాదు. ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గుల్ల మాత్రం ఒక్కచోట కూడా తప్పేవాడు కాదు. నలభై ఏళ్ళ చెయ్యి కదా, చెవికి అందని చప్పుడు కర్రలోంచి చేతికి అందుతుందేమో అనుకున్నాను. ఆ రోజుల్లోనే ప్రతి ఇంటికీ నన్ను తోడు రమ్మనడం మొదలుపెట్టాడు. “ఇంట్ల కూసొని ఏం జేస్తవే, నడువు” అనేవాడు. ఒక్కో చోట తట్టి నా మొహం వంక చూసేవాడు. నన్నూ మేస్త్రీని చేసినట్టు నాకు సంబరంగా ఉండేది.

చర్చి వెనక వీధిలో ఒక రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉంటుంది. యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మధ్యాహ్నం రెండింటికి ఆమె వరండాలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. నా చెయ్యి పట్టుకుని దిద్దించేది. “మెల్లగ రాయి చెల్లె. పలక పలుగుతది. నువ్వేం పెంకలు మోస్తలేవు” అని నవ్వేది.

పోయిన వానాకాలం ఆమె పడకగదిలో మరక కనబడితే మమ్మల్ని రమ్మంది. ఇద్దరం పోయాం. ఆమె తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. అతను మా ఆయన వెనక నిలబడి ఏదో అడిగాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు.

“ఏందక్కా, చెవిటాయనను పిలిచి చప్పుడు ఇనమంటున్నవా?” అని నవ్వాడు.

“నువ్వు జర ఊకోరా” అంది టీచరమ్మ.

మా ఆయనకు ఇదేమీ వినబడలేదు. తట్టుకుంటూ మంచం తలాపున మూలకు వచ్చాడు. అక్కడ బొదబొదమంది. అంత పెద్ద గుల్ల నేను చాలా రోజులుగా విని ఉండలేదు. ఆయన నా వైపు చూశాడు. తమ్ముడు మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆయన చెవిటివాడని ఆ మనిషి ముందు నేనే ఒప్పుకున్నట్టు. తల దించుకుని కొంగు సర్దుకున్నాను. ఆయన ఇంకోసారి తట్టి, ఇంకోసారి చూశాడు. నేను తల ఎత్తలేదు.

“గట్టిగనే ఉన్నది టీచరమ్మా. మీద పిట్టగోడ కాడ పగులు పూడ్పియ్యి, సాలు” అన్నాడు.

ఆటోలో వస్తూ ఒక ఆలోచన చేశాను. రేపు రెండింటికి ఎట్లాగూ చదువుకు పోతాను. టీచరమ్మను పక్కకు పిలిచి మంచం ఇవతలికి జరుపుకొమ్మని చెబుతాను. ఆయన మాట పోదు, ఆమెకూ ఏం కాదు. ఆ ధైర్యంతో ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున పదింటికి ఆ మూల పెచ్చు ఊడిపడింది. టీచరమ్మ మంచం మీద కూర్చుని ప్రార్థన చదువుకుంటోంది. కుడి భుజం నుజ్జయింది. నేను దవాఖానకు పోతే, “మేస్త్రీని ఎవరేం అనకుండ్రి, పాత ఇల్లు” అని తమ్ముడితో చెబుతోంది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. వరండాలో చదువు ఆగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన నన్ను అడిగాడు. “ఆ మూలకు కొట్టినప్పుడు ఎట్ల మోగింది?”

“గట్టిగనే మోగింది” అని అరిచి చెప్పాను.

సరే అన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. శంకరంపేట నుంచి ఒకతను రెండుసార్లు వచ్చి బతిమాలాడు. “నాకు పని రాదు బిడ్డా” అని పంపించాడు. నలభై ఏళ్ళు చేసినవాడు ఆ మాట అంటుంటే నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఇంట్లో మాత్రం మా గోడలు తట్టేవాడు. తట్టి, చెయ్యి ఆనించి, చాలాసేపు అట్లాగే నిలబడేవాడు.

నాలుగు నెలలు చూసి ఇక ఉండలేకపోయాను. అరిస్తే వాడకట్టంతా వింటుంది. అందుకని ఆయన ముందు కూర్చుని పైకప్పు మూల చూపించాను. నా చెవి ముట్టుకుని తల ఊపాను. రెండు చేతులూ జోడించాను. ఆయనకు అర్థమైంది.

“ఇనబడ్డదా నీకు?” అన్నాడు.

ఇంకోసారి తల ఊపాను.

“నాకు ఇనబడక మూడేండ్లాయె. అది నాకు ఎర్కనే. గందుకే గద నిన్ను తోలుకపోయేది. గుల్ల ఉన్న కాడ నీ మొఖం ముడుసుకుంటది. అది జూసి చెప్పేటోణ్ణి. ఆ దినం నీ చెవులు గూడ పోయినయనుకున్న” అన్నాడు.

ఆయన చెవుడును ఎవరి నుంచి దాచాను నేను?

“టీచరమ్మకు చెప్పినవా?”

లేదని తల అడ్డంగా ఊపాను.

“పో. పోయి చెప్పి రా.”

పోయాను. టీచరమ్మ వరండాలో కుర్చీలో ఉంది. ఎదురుగా కింద కూర్చుని మొత్తం చెప్పాను, తమ్ముడి నవ్వు దగ్గర నుంచి ఆటోలో నేను చేసిన ఆలోచన దాకా. మధ్యలో ఆపకుండా వింది.

“మంచం జరుపుకొమ్మంటే జరుపుకొంటుంటిని గద చెల్లె” అంది.

అంతే. తిట్టలేదు. ఇంకేమైనా అంటుందేమోనని కూర్చున్నాను. ఎడమచేత్తో కుర్చీ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. “ఏమన్నది?” అని అడిగాడు. ఆయనకు వినబడేటట్టు ఆ మాటను అరిచి చెప్పడం నా వల్ల కాలేదు. పోయి ఆయన పక్కన కూర్చున్నాను.