చెంప మండని మిరప కోతలు

కొన్నాళ్లుగా నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమని చప్పుడు. ముద్ద నమిలితే దవడంతా నొప్పి. ఇవాళ స్కూలుకి సెలవు పెట్టి, మా అమ్మాయిని వెంటబెట్టుకుని గుంటూరులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ దవడ కీలు నొక్కి చూసి, "నిద్రలో పళ్ళు కొరుకుతున్నారండి. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అన్నారు.

"నాకు అలాంటి అలవాటే లేదండి" అన్నాను, కాస్త కోపంగానే.

మా అమ్మాయి తల దించుకుని, "ఉందమ్మా. ఎప్పట్నుంచో ఉంది. నువ్వు కొరికినప్పుడల్లా నాన్న నీ చెంప మీద చెయ్యి పెట్టేవాడు, ఆపేసేదానివి. చెప్తే సిగ్గుపడతావని నీకు చెప్పొద్దన్నాడు" అంది.

నా చెయ్యి కుడి చెంప మీదికి వెళ్ళింది.

ఏటా మిరప కోతలప్పుడు పొద్దున్నే లేచేసరికి నా కుడి చెంప మండుతుండేది. కళ్లంలో కాయలు ఆరబోసి వచ్చిన ఆయన చేతి కారం దుప్పటికి అంటిందనుకుని, ఆ దుప్పటిని ఎన్నిసార్లు ఉతికానో! ఆయన పక్కనే నిలబడి, ఏమీ ఎరగనట్టు బక్కెట్టు అందించేవాడు.

ఆయన పోయాక ఇవే మొదటి కోతలు. ఊరంతా ఘాటే. నా చెంప మాత్రం మండట్లేదు.

డాక్టరమ్మ మెత్తగా వండుకు తినమన్నారు, వేడి కాపడం పెట్టుకోమన్నారు, రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకోడానికి ప్లాస్టిక్ తొడుగు చేసిస్తామన్నారు. సరేనన్నాను.

మీ ఇంట్లో ఎవరైనా నిద్రలో పళ్ళు కొరుకుతుంటే లేపి చెప్పండి బాబూ. మా ఆయనలా చెయ్యి పెట్టి ఊరుకోకండి.