మూడో పిలుపు

కోర్టు బంట్రోతుకి చూపు కాస్త మందగించినా జరుగుతుంది గానీ గొంతు లేకపోతే కుదరదు. ఆ లెక్కన గంటమ్మ ఆ ఉద్యోగం కోసమే పుట్టిందనుకోవాలి. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. తలుపు దగ్గర నిలబడి ఆమె ఒక్క కేక వేసిందంటే, వరండా చివర టీ తాగుతున్న లాయరు గ్లాసు కింద పెట్టి కోటు సర్దుకునేవాడు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అదే కోర్టులో బంట్రోతుగా చేస్తూ భర్త పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. చేరిన కొత్తలో నోరు పెగిలేది కాదు. ముక్కూమొహం తెలియని మగవాళ్ళ పేర్లు అంతమందిలో అరవాలంటే చెమటలు పట్టేవి. రిటైరు కాబోతున్న పెద్ద బంట్రోతు ఒకరోజు ఆమెను పక్కకి పిలిచి, "గొంతుతో అరిస్తే సాయంత్రానికి గొంతు పోతుందమ్మా. పొట్టలోంచి పిలువు" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాక ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

పిలవడానికి ఒక పద్ధతి ఉంది. మూడుసార్లు పిలవాలి. మొదటిది మామూలుగా, రెండోది కాస్త గట్టిగా, మూడోది భవనమంతా వినబడేట్టు. అప్పటికీ పలక్కపోతే తలుపు తీసి "రాలేదండీ" అని లోపలికి చెప్పాలి. కేసు కొట్టేస్తారు. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళు, అలా బాత్రూముకి వెళ్ళొచ్చేలోపు కేసు పోగొట్టుకోవడం ఆమె కళ్ళారా చూసింది. అందుకే మూడో పిలుపుని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసేది. ఇంట్లోనూ అదే వరస. కూతుర్ని అన్నానికి మూడుసార్లు పిలిచి, రాకపోతే గిన్నెల మీద మూతలు పెట్టేసేది. "మా అమ్మ దగ్గర వాయిదాలుండవు" అని కూతురు స్నేహితురాళ్ళ దగ్గర నవ్వేది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై మందుల దుకాణంలో పనిచేస్తోంది.

గంటమ్మ తనకు తాను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. లోపల ఏమైందని ఎవరినీ అడగదు. బయటికి వచ్చేవాళ్ళు ఏడుస్తున్నా నవ్వుతున్నా చూసీ చూడనట్టు ఉండిపోతుంది. అడిగితే వాళ్ళ బరువు కూడా మోసుకుంటూ ఇంటికి పోవాలి, ఉన్న బరువు చాలదా అని ఆమె వాదన.

ఆ రోజుల్లో కడుపు తీయించుకోవడం మీద నిషేధం ఉండేది. ప్రాణం మీదికి వస్తే తప్ప వీల్లేదు. వచ్చిందా లేదా అన్నది కోర్టు తేల్చాలి. ఆసుపత్రి వాళ్ళు కోర్టు ఉత్తర్వు తెమ్మంటారు, అది కాక భర్త సంతకమూ తెమ్మంటారు. అలా తిరిగి తిరిగి ఒక అమ్మాయి గంటమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని ఆమెది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగక చచ్చి బతికింది. మూడోది వద్దే వద్దని అప్పుడే చెప్పిన డాక్టరమ్మ, ఇప్పుడు కాగితం మీద మాత్రం 'ప్రస్తుతానికి ప్రమాదం లేదు' అని రాసి చేతులు దులుపుకుంది. మూడోసారి కాన్పు బల్ల ఎక్కితే పిల్లలు తల్లి లేనివాళ్ళవుతారని ఇస్త్రీ అమ్మాయికి ఖాయంగా తెలుసు. ఇంట్లో చెబితే ఒప్పుకోరనీ తెలుసు. భర్తకీ అత్తగారికీ చెప్పకుండా అర్జీ పెట్టుకుంది. పేరు బయటపెట్టవద్దని అడిగితే జడ్జిగారు సరేనన్నారు. కేసుల జాబితాలో ఆమె పేరున్న చోట నంబరు మాత్రం వేశారు.

మొదటి వాయిదా రోజు ఆమె అందరికన్నా ముందే వచ్చి బల్ల అంచున కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. గంటమ్మ మంచినీళ్ళిచ్చి, అలవాటు కొద్దీ పేరడిగింది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పింది. ఆ పేరు జాబితాలో లేదు, నంబరు మాత్రమే ఉన్న కేసు ఈమెదేనని గంటమ్మకి అర్థమైంది.

కేసు వచ్చింది. గంటమ్మ నంబరు పిలిచింది. ఎవరూ కదల్లేదు. వరండా ఆ చివర, జనం మధ్య, ఇస్త్రీ అమ్మాయి తన అరచేతుల్లోకి చూసుకుంటూ కూర్చుని ఉంది. ఆ నంబరు తనదేనని ఆమెకు తట్టలేదు. ఆమె లాయరు పక్క గదిలో ఇంకో కేసులో ఉన్నాడు. గంటమ్మ రెండోసారి పిలిచింది. తలుపు వదిలి కదలకూడదు. ఇక మిగిలింది ఒక్క పిలుపు, దానికీ లేవకపోతే అర్జీ గాలికి పోతుంది. గంటమ్మ పొట్టనిండా ఊపిరి తీసుకుని, భవనమంతా దద్దరిల్లేట్టు ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచేసింది.

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. ఆమెతో పాటు ఎదుటి బల్ల మీద ఒక పెద్దమనిషి కూడా తలెత్తాడు. ఆమె భర్తకి మేనమామ. గోడ తగాదా కేసులో వచ్చి కునుకు తీస్తున్నాడు. ఆ గొంతుకి ఎంతటి నిద్రైనా ఎగిరిపోవాల్సిందే కదా.

తర్వాతి వాయిదాకి భర్త, అత్తగారు, మేనమామ, వాళ్ళ తరఫున ఒక లాయరు దిగారు. మా మాట కూడా వినాలన్నారు. వినడానికి ఒక వాయిదా, జవాబుకి ఒక వాయిదా. ఇస్త్రీ అమ్మాయి పిల్లల్ని తీసుకుని అక్క ఇంటికి చేరింది. మొదట్లో ఏమీ తెలియని కడుపు ఇప్పుడు బట్టల మీంచి తెలుస్తోంది. ఇంకో నెల దాటితే తీయడమూ ప్రమాదమేనని ఆమె లాయరు గుమాస్తాతో అంటుంటే గంటమ్మ చెవిన పడింది. గంటమ్మ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేదేమో, ఇప్పుడు అన్నం కలిపి కంచంలోనే వదిలేస్తోంది.

"ఎందుకలా ఉన్నావు?" అని కూతురు అడిగితే చెప్పింది.

"నీ వల్లే బయటపడిందని ఆమెతో చెప్పావా?" అంది కూతురు.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే?"

"ఉన్న మొహం పెట్టుకునే చెప్పు. పిలవమంటే అంత గట్టిగా పిలుస్తావుగా."

మర్నాటి వాయిదాకి గంటమ్మ తలుపు తెరవకముందే ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. "అమ్మాయ్, ఆ రోజు పేరు పెట్టి అరిచింది నేనే. కేసు కొట్టేస్తారని భయపడ్డాను. తప్పు చేశాను."

"తెలుసక్కా. ఇంకెవరి గొంతు అలా ఉంటుంది?" అంది అమ్మాయి. ఆమె నవ్వలేదు. "మీరు తప్పనుకుంటే నా వాయిదాలు తగ్గుతాయా?"

గంటమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అమ్మాయి గ్లాసు అందుకుని అంది. "తీర్పు రోజున నన్ను పేరు పెట్టే పిలవండి. వాళ్ళందరూ ఉండగా."

"దాచమని నువ్వే కదమ్మా అడిగావు?"

"పేరు నాది. దాచమన్నది నేనే, ఇప్పుడు పిలవమంటున్నదీ నేనే. లాయరుగారితో జడ్జిగారికి చెప్పిస్తాను."

తీర్పు రోజు వచ్చింది. జడ్జిగారు ఒప్పుకున్నట్టు లాయరు ముందే చెప్పి వెళ్ళాడు. భర్త గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. అత్తగారు మేనమామతో, "మన బిడ్డని మనకి చెప్పకుండా తీయించుకుంటుందా, నేనూ చూస్తాను" అంటోంది. గంటమ్మ పొట్టలోంచి పిలిచింది. మొదటి పిలుపు పూర్తవకముందే ఇస్త్రీ అమ్మాయి లేచి "ఉన్నాను" అంది. అంత గట్టిగా ఆ వరండాలో గంటమ్మ తప్ప ఇంకెవరూ మాట్లాడి ఉండరు.

లోపలికి ఆమెనీ లాయర్లనీ మాత్రమే రానిచ్చారు. తలుపు మూసుకుంది. గంటమ్మ ఎప్పటిలా గోడ గడియారం కేసి చూడబోయి చూడలేకపోయింది. ఇన్నేళ్ళలో ఆ తలుపుకి చెవి ఆనించాలని అనిపించడం అదే మొదలు.

ముందు అవతలి లాయరు వచ్చి భర్త చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత ఇస్త్రీ అమ్మాయి వచ్చింది. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. గంటమ్మ తన నియమాన్ని గట్టున పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది.

"లోపల ఏమైందమ్మా?"

"ఆసుపత్రికి ఇప్పుడే వెళ్ళమన్నారక్కా" అంది ఆ అమ్మాయి, తనకే ఇంకా నమ్మకం కుదరనట్టు. "నన్ను అడిగి చేయమన్నారు. ఇంకెవరినీ అడగక్కర్లేదంట."